ప్రాచీన ప్రపంచం గురించి చదవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీస్, రోమ్, ఈజిప్టు, మెసపొటేమియా, సింధు నాగరికతల మీద చదవాలని మనసులో ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవారి కోసం ఈ పేజీ. పని ముగించుకుని సాయంత్రం ఓ గంట చదువుకునే పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

మొట్టమొదట ఏ పుస్తకం చదవాలి?

లావుపాటి ప్రపంచ చరిత్ర గ్రంథంతో మాత్రం మొదలుపెట్టకండి. అందులో ఒక్కో పేజీలో మూడొందల ఏళ్లు గడిచిపోతాయి. చివరికి రాజుల పేర్లు మిగులుతాయి, మనుషులు మిగలరు. ఆ కాలపు మనిషి స్వయంగా రాసిన పుస్తకాన్నే ముందు చేతిలోకి తీసుకోండి. దాన్ని అర్థం చేసుకోవడానికి ఈనాటి చరిత్రకారుల పుస్తకం పక్కన పెట్టుకోండి. ఈ పేజీలో నేను చెప్పే మిగతా సలహాలన్నీ ఇందులోంచి వచ్చేవే.

చరిత్ర ఇష్టమైతే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌తో మొదలుపెట్టండి. ఇతనిది హలికర్నాసస్, అంటే ఇప్పటి టర్కీలోని బోద్రుమ్. క్రీ.పూ. 5వ శతాబ్దం మనిషి. పర్షియా వాళ్లకూ గ్రీకులకూ యుద్ధం ఎందుకొచ్చిందో చెబుతానని మొదలుపెట్టి, దారిలో ఈజిప్టు, బాబిలోన్, సిథియా, చివరికి మన దేశం గురించి కూడా విన్నవీ కన్నవీ చెప్పుకుపోతాడు. భారతదేశంలో బంగారాన్ని తవ్వితీసే చీమలున్నాయని రాసింది ఇతనే. అక్కడి చెట్లకు ఉన్ని కాస్తుందని, దానితో బట్టలు నేసుకుంటారని రాసిందీ ఇతనే. మొదటిది కట్టుకథ, రెండోది పత్తి. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల, చదివేవాడు ప్రతి పేజీలోనూ ఏది నమ్మాలో ఆలోచించాల్సి వస్తుంది.

మూడో భాగంలో ఒక చిన్న కథ ఉంది. పర్షియా చక్రవర్తి డేరియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, ఎంత డబ్బిస్తే మీ తండ్రుల శవాలను తింటారని అడిగాడు. ప్రపంచంలో ఎంతిచ్చినా ఆ పని చేయమన్నారు వాళ్లు. తర్వాత, చనిపోయిన తల్లిదండ్రులను తినే ఆచారం ఉన్న ఒక భారతీయ తెగ వాళ్లను పిలిపించి, ఎంతిస్తే మీ తండ్రులను కాలుస్తారని అడిగాడు. అలాంటి మాట అనవద్దంటూ వాళ్లు కేకలు పెట్టారు. ఆ తెగ గురించి హెరొడోటస్ విన్నది నిజమో కాదో పక్కన పెడదాం. ఎవరి ఆచారం వాళ్లకు గొప్పగా కనబడుతుందన్న సంగతిని దాదాపు 2,400 ఏళ్ల కిందట ఇంత సూటిగా చెప్పినవాడు ఉన్నాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కథలు ఇష్టమైతే గ్రీకు కవి హోమర్ పేరుతో ఉన్న ఒడిస్సీ కావ్యం తీసుకోండి. సమయం తక్కువైతే గిల్గమేష్.

ఇలియడ్ ముందా, ఒడిస్సీ ముందా?

ఒడిస్సీ ముందు. సాహసాలున్నాయి, ఇంటికి చేరాలన్న తపన ఉంది, ఆపకుండా చదివిస్తుంది. హోమర్‌దే ఇంకో కావ్యం ఇలియడ్, అది దానికన్నా గొప్పదని నా అభిప్రాయం, కానీ కొంచెం ఓపిక కావాలి.

ట్రాయ్ యుద్ధం మొత్తం ఉంటుందని ఇలియడ్ తెరిచినవారు నిరాశపడతారు. పదేళ్ల యుద్ధంలో చివరి ఏడాదికి చెందిన కొన్ని వారాల కథే అది. అకిలీస్ కోపంతో మొదలై హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. కొయ్య గుర్రం అందులో లేదు. ఆ కథ కావాలంటే ఒడిస్సీలో కొంత, రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్ రెండో సర్గలో వివరంగా ఉంటుంది. ఇలియడ్ 24వ సర్గలో ట్రాయ్ ముసలి రాజు ప్రయామ్ రాత్రిపూట శత్రువు అకిలీస్ గుడారానికి వెళ్లి, తన కొడుకు హెక్టర్‌ను చంపిన చేతులనే ముద్దుపెట్టుకుని శవాన్ని అడుక్కుంటాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఆ ఒక్క సర్గ కోసమైనా మిగతా 23 చదవొచ్చు.

పదే పదే వచ్చే పదబంధాలు చూసి విసుక్కోకండి. 1930లలో మిల్‌మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియా వెళ్లి, చదువురాని గాయకులు వేల పంక్తుల వీరగాథలు పాడుతుంటే రికార్డు చేశాడు. అప్పటికప్పుడు అల్లుతూ పాడేవాడికి ఈ తయారు మాటలే ఆధారమని, హోమర్ కావ్యాల వెనక ఉన్నది కూడా అలాంటి సంప్రదాయమేనని అతని వాదన. ఒగ్గుకథనో, పల్నాటి వీరుల కథనో రాత్రంతా కూర్చుని విన్నవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. వీలైతే ఇలియడ్‌ను పైకి చదవండి, లేదా ఆడియోలో వినండి.

అంత పాత పుస్తకాలు మన దాకా ఎలా వచ్చాయి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. గ్రీకు, రోమన్ ప్రపంచంలో పుస్తకమంటే పాపిరస్ చుట్ట. నైలు ఒడ్డున పెరిగే తుంగ జాతి మొక్క కాండాన్ని పలుచని పట్టీలుగా చీల్చి, ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా పరిచి, నొక్కి ఆరబెట్టి చేసేవారు. తేమ తగిలితే అది నిలవదు. కాబట్టి తాటాకు గ్రంథాల్లాగే, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ ఎత్తి రాసుకుంటేనే పుస్తకం బతికేది. ఏ తరంలో ఎవరికీ అక్కర్లేకపోయినా అక్కడితో సరి.

ఎంత పోయిందో చూడండి. సోఫోక్లీస్ 120కి పైగా నాటకాలు రాశాడు, పూర్తిగా మిగిలినవి 7. రోమ్ చరిత్రను లివీ 142 భాగాలుగా రాశాడు, మనకున్నవి 35. సాఫో కవితల్లో మొదటినుంచి చివరిదాకా చెక్కుచెదరకుండా ఉన్నది దాదాపుగా ఒక్కటే.

మిగిలినవి చాలా దారుల్లో వచ్చాయి. గ్రీకు గ్రంథాలను ఎక్కువగా కాపాడింది కాన్‌స్టాంటినోపుల్ లేఖకులు, లాటిన్ గ్రంథాలను ఐరోపా మఠాల సన్యాసులు. రోమన్ కవి లుక్రీషియస్ రాసిన కావ్యం 1417లో ఒక మఠంలో ఇటలీ పండితుడు పోజ్జో బ్రాచ్చోలీని కంటబడకపోతే మళ్లీ ప్రచారంలోకి వచ్చేది కాదేమో. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ లాంటివారు గ్రీకు వైద్య గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషల్లోకి మార్చారు. గ్రీకు గణితవేత్త అపొలోనియస్ రాసిన శంకుచ్ఛేదాల గణితంలో 5, 6, 7 భాగాలు ఇప్పుడు అరబ్బీలోనే ఉన్నాయి.

ఈజిప్టు ఇసుక కూడా చాలా దాచింది. 1896లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఆక్సిరింకస్ అనే ఊరి చెత్తదిబ్బలు తవ్వడం మొదలుపెడితే పాపిరస్ ముక్కలు లక్షల్లో బయటపడ్డాయి. కావ్యాలతో పాటు అప్పుపత్రాలు, పన్ను రసీదులు, ఇంటికి రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. ఏథెన్స్ పాలన మీద అరిస్టాటిల్ పేరుతో ఉన్న గ్రంథం శతాబ్దాల పాటు లేదనుకున్నారు. అది ఈజిప్టులో ఒక పొలం జమాఖర్చుల కాగితాల వెనక వైపు రాసి దొరికింది. 1891లో అచ్చయింది.

ఆర్కిమిడీస్ సంగతి ఇంకా విచిత్రం. 10వ శతాబ్దంలో రాసిన ఆయన గ్రంథాల ప్రతిని 13వ శతాబ్దంలో ఎవరో గీకేసి, ఆ తోలు పుటల మీద ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఆ ప్రార్థనల కింద గణితాన్ని గుర్తుపట్టాడు. ఆ ప్రతి 1998లో వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. తర్వాత రకరకాల కాంతుల్లో, ఎక్స్‌రేలతో ఫొటోలు తీసి మరికొంత చదవగలిగారు.

ఇది గ్రీకులకే పరిమితం కాదు. అశ్వఘోషుడి బుద్ధచరితంలో సగమే సంస్కృతంలో మిగిలింది. పూర్తి కావ్యం కావాలంటే చైనా, టిబెట్ అనువాదాలే దిక్కు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ‘సుహృల్లేఖ’ మూలం కూడా పోయింది. టిబెటన్, చైనీస్ భాషలు దాన్ని కాపాడాయి.

అలెగ్జాండ్రియా గ్రంథాలయం తగలబడటం వల్లే అంతా పోయిందంటారు కదా?

ఒక్క రాత్రి మంటల్లో పోయిందన్నది సినిమాకు బాగుంటుంది. ఈజిప్టులోని ఆ నగరంలో క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ చేసిన యుద్ధంలో కొంత కాలిందని ప్రాచీన రచయితలు రాశారు. తర్వాత రాజుల ఆదరణ తగ్గింది, నగరంలో గొడవలు జరిగాయి. గ్రంథాలయానికి అనుబంధంగా పుస్తకాలుండేవని చెప్పే సెరాపిస్ ఆలయాన్ని క్రీ.శ. 391 ప్రాంతంలో కూల్చారు. ఖలీఫా ఉమర్ పుస్తకాలతో స్నానాల నీళ్లు కాయించాడన్న కథ ఆ సంఘటన జరిగిందనే కాలానికి కొన్ని శతాబ్దాల తర్వాత పుట్టింది. దాన్ని నిజమని రాసిన పుస్తకం కనబడితే మిగతా పేజీలు కూడా జాగ్రత్తగా చదవండి.

మెసపొటేమియా గురించి ఏం చదవాలి?

గిల్గమేష్ కావ్యం. ఉరుక్ నగరపు రాజు, అతని ప్రాణస్నేహితుడు ఎంకిడు. స్నేహితుడు చనిపోయాక రాజుకు చావు భయం పట్టుకుంటుంది. చావు లేని మనిషిని వెతుక్కుంటూ లోకం అంచుదాకా వెళతాడు. యవ్వనాన్ని తిరిగిచ్చే మొక్క దొరుకుతుంది, దాన్ని పాము ఎత్తుకుపోతుంది. నూటయాభై పేజీల్లోపే అయిపోతుంది.

ఇక్కడ మంటలు మేలు చేశాయి. అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ నినెవేలో, అంటే ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ దగ్గర, మట్టి పలకల గ్రంథాలయం కట్టించాడు. క్రీ.పూ. 612లో శత్రువులు నగరాన్ని తగలబెట్టినప్పుడు చాలా పలకలు కాలి గట్టిపడ్డాయి. 19వ శతాబ్దంలో తవ్వి తీసిన ముక్కలు 30,000కు పైగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నోట్ల అచ్చు చెక్కే పని నేర్చుకుంటూ పెరిగిన జార్జ్ స్మిత్ సొంతంగా ఆ పలకల మీది లిపి నేర్చుకుని, మ్యూజియంలో చేరి, 1872లో గిల్గమేష్ కావ్యపు పదకొండో పలక మీద జలప్రళయం కథ చదివాడు. దేవుడు ఒకడికి ముందే హెచ్చరిక చేయడం, అతను పడవ కట్టడం, పక్షులను వదిలి చూడటం అన్నీ అందులో ఉన్నాయి. బైబిల్ చదివినవారికి నోవహు, మనకు మత్స్యావతారంలో మనువు గుర్తొస్తారు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందని వెంటనే తేల్చేసే పుస్తకాలను మాత్రం అనుమానించండి.

కావ్యంతో ఆగకుండా ఆ కాలపు ఉత్తరాల అనువాదాలు కూడా చదవండి. క్రీ.పూ. 1750 ప్రాంతంలో నన్ని అనే ఆయన ఊర్ నగరంలోని ఏయా-నాసిర్ అనే వ్యాపారికి, నాసిరకం రాగి అంటగట్టావనీ, నా మనిషిని అవమానించావనీ తిడుతూ రాసిన పలక ఇప్పటికీ ఉంది. మన దగ్గర కన్స్యూమర్ కోర్టుకు వెళ్లేవారి బాధ అంతా అందులో ఉంది.

సింధు లిపిని చదివేశామని చెప్పే పుస్తకాలను నమ్మొచ్చా?

నమ్మకండి. ఇంతవరకూ పండితులందరూ ఒప్పుకున్న పాఠం ఏదీ లేదు. కారణాలు తెలుసుకుంటే మీకే అర్థమవుతుంది. ఈజిప్టు లిపికి 1799లో దొరికిన రొసెట్టా శిల ఉంది. ఒకే ఆజ్ఞ రెండు భాషల్లో, మూడు లిపుల్లో ఉండటం వల్ల ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ 1822లో దారి కనిపెట్టాడు. మెసపొటేమియా లిపికి ఇరాన్‌లోని బెహిస్తున్ కొండ మీద మూడు భాషల శాసనం ఉంది. సింధు లిపికి అలాంటి రెండు భాషల శాసనం దొరకలేదు. ముద్రల మీద రాత సగటున ఐదు గుర్తులకు మించదు. ఆ భాష ఏ కుటుంబానిదో కూడా తేలలేదు. ద్రావిడ భాష అన్నా, సంస్కృతం అన్నా, అది ప్రతిపాదనే. ఊళ్ల నిర్మాణం, మురుగు కాలువలు, తూకపు రాళ్లు, మెసపొటేమియాలోని సుమేరియాతో వ్యాపారం గురించి తవ్వకాల ఆధారంగా రాసిన పుస్తకాలు చదవండి. అవే ఆ నాగరికత గురించి గట్టిగా చెప్పగలిగిన సంగతులు.

ప్రాచీన గ్రీకు, రోమన్ పుస్తకాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ప్రస్తావన ఉందా?

ఉంది. ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉండేవని మెగస్తనీస్ రాశాడని స్కూల్లో చదువుకున్నాం. ఆ అంకెలు నిజానికి మనకు దొరికేది 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ గ్రంథంలో. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన మెగస్తనీస్ రాసిన ‘ఇండికా’ పూర్తిగా పోయింది. అర్రియన్, స్ట్రాబో, ప్లినీ లాంటివారు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. ప్లినీ ఈ అంకెలను మెగస్తనీస్ నుంచి తీసుకుని ఉంటాడని పండితులు ఊహించారు. మన పాఠ్యపుస్తకాలు ఈ మధ్య మెట్టు చెప్పకుండా దాటేస్తాయి. అది చెబితే పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి ఇంకా పెరుగుతుంది.

1వ శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక గ్రీకు వర్తకుడు, పేరు తెలియదు, ‘పెరిప్లస్’ అనే చిన్న పుస్తకం రాశాడు. రేవులు, గాలులు, సరుకులు, ఏ రాజుకు ఏ కానుకలు ఇవ్వాలి, అన్నీ వ్యాపారి కంటితో చూసినవే. తూర్పు తీరంలో మసాలియా అనే ప్రాంతంలో బట్టలు బాగా నేస్తారని రాశాడు. అది కృష్ణా ముఖద్వారపు నేల. గుజరాత్ రేవు బరూచ్ నుంచి శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానానికి ఇరవై రోజుల ప్రయాణమనీ చెప్పాడు. 2వ శతాబ్దంలో భూగోళ గ్రంథం రాసిన టాలెమీ అదే తీరాన్ని మైసోలియా అని, ఒక రేవును కొంటకొస్సిల అని గుర్తించాడు. అది మన ఘంటసాల అని పండితుల అభిప్రాయం. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని ప్లినీ వాపోయాడు. ఆ డబ్బులో కొంత నాగార్జునకొండ లాంటి చోట్ల రోమన్ నాణేలుగా బయటపడింది. ‘పెరిప్లస్’ను ఒక్క పూటలో చదివేయొచ్చు. తెలుగు పాఠకులందరూ తప్పక చదవాలని నా కోరిక.

దానికి జోడుగా హాలుడి గాథాసప్తశతి చదవండి. అదే శాతవాహనుల కాలపు పల్లెలు, పొలాలు, ప్రేమలు ప్రాకృతంలో మాట్లాడతాయి.

నకిలీ చరిత్ర పుస్తకాన్ని ఎలా గుర్తుపట్టాలి?

‘ఈ సంగతి మనకెలా తెలిసింది?’ అని ప్రతి అధ్యాయంలో అడగండి. మంచి పుస్తకం జవాబు చెబుతుంది: ఫలానా శాసనం, ఫలానా తవ్వకం, ఫలానా రచయిత. చెడ్డ పుస్తకం ‘శాస్త్రవేత్తలు దాచిపెట్టారు’ అంటుంది.

పిరమిడ్లను గ్రహాంతరవాసులు కట్టారనే పుస్తకాలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాది అల్-జర్ఫ్ అనే చోట మేరెర్ అనే అధికారి రోజువారీ చిట్టా దొరికింది. తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకు, ఖుఫు పిరమిడ్ పనికి ఎలా చేరవేశారో అందులో ఉంది. సుమారు 4,500 ఏళ్ల నాటిది, రాత ఉన్న పాపిరస్‌లలో అత్యంత పాతవాటిలో ఒకటి. చెమటోడ్చి కట్టిన మనుషుల లెక్క ఇంత వివరంగా ఉండగా, ఆ పనిని ఆకాశం నుంచి వచ్చినవారి ఖాతాలో వేయడం అన్యాయం.

అట్లాంటిస్ కూడా అంతే. సముద్రంలో మునిగిపోయిందని చెప్పే ఆ ద్వీపం కథకు మూలం గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన రెండు సంభాషణలే. అంతకుముందు రాసినవారు ఎవరూ లేరు.

బానిసత్వం, స్త్రీల పట్ల చులకన నిండిన పుస్తకాలు ఎందుకు చదవాలి?

అవి ఉన్నాయి, కప్పిపుచ్చే పని లేదు. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ వాదించాడు. ఏథెన్స్ ప్రజాస్వామ్యంలో స్త్రీలకూ బానిసలకూ ఓటు లేదు. కానీ ఆ సమాజం తనను తాను ప్రశ్నించుకున్న చోట్లు కూడా ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే చిన్న ద్వీపాన్ని ముట్టడించి, మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. దాడికి ముందు జరిగిన చర్చను ఏథెన్స్ చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు భరిస్తాడు అని ఏథెన్స్ దూతలు మొహం మీదే చెబుతారు. ఆ తర్వాతి ఏడాదే యూరిపిడీస్ ‘ట్రాయ్ స్త్రీలు’ నాటకాన్ని అదే ఏథెన్స్ ప్రేక్షకుల ముందు ఆడించాడు. ఓడిపోయిన నగరంలో బానిసలుగా పంచబడుతున్న ఆడవాళ్ల శోకమే ఆ నాటకమంతా. ఈ రెండూ వెంటవెంటనే చదవండి.

మార్కస్ ఆరేలియస్‌తో మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. అయితే సోషల్ మీడియాలో తిరిగే ఆయన సూక్తుల్లో చాలా ఆయనవి కావు. ఆయన ‘మెడిటేషన్స్’ నలుగురూ చదవాలని రాసిన పుస్తకం కాదు. రోమ్ చక్రవర్తి తనను తాను మందలించుకుంటూ గ్రీకులో రాసుకున్న నోటు పుస్తకం. కొంత భాగం డాన్యూబ్ సరిహద్దు యుద్ధాల్లో ఉండగా రాశాడు. రోజుకు రెండు పేజీలు చాలు.

గ్రీకు, లాటిన్ నేర్చుకోవాలా?

అక్కర్లేదు. అనువాదాలతోనే జీవితాంతం చదువుకోవచ్చు.

మంచి అనువాదాన్ని ఎలా ఎంచుకోవాలి?

తెలుగులో దొరికేవి తక్కువ, వాటిలో కొన్ని బాగా కుదించినవి. అందుకని చాలాసార్లు ఇంగ్లీషు మీద ఆధారపడక తప్పదు. ఒకే పేరాను రెండు మూడు అనువాదాల్లో చదివి చూసి, మీకు తేలిగ్గా నడిచేదాన్ని తీసుకోండి. మ్యాపులు, నోట్స్, పంక్తుల సంఖ్యలు ఉండాలి. హెరొడోటస్‌ను మ్యాపు లేకుండా చదవడం టెన్షన్ తప్ప ఇంకేం కాదు. వందేళ్ల కిందటి అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి గానీ, కొన్నింటి ఇంగ్లీషు మరీ బరువుగా ఉంటుంది, అసభ్యమనుకున్న చోట్ల కత్తిరింపులూ ఉంటాయి.

పిల్లలకు?

పది పన్నెండేళ్ల వాళ్లకు ఒడిస్సీ కథలు మీరే చెప్పండి. ఒంటికన్ను రాక్షసుడి గుహతో మొదలుపెడితే మిగతాది వాళ్లే అడుగుతారు.

ఇంకా కొత్త ప్రాచీన గ్రంథాలు బయటపడే అవకాశం ఉందా?

చాలా ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పాంపేతో పాటు హెర్క్యులేనియం ఊరినీ పూడ్చేసింది. అక్కడి ఒక భవనంలో 1750లలో వందల పాపిరస్ చుట్టలు బొగ్గులా మాడిన స్థితిలో దొరికాయి. విప్పబోతే పొడి అయ్యేవి. ఇప్పుడు వాటిని విప్పకుండానే స్కాన్ చేసి, కంప్యూటర్‌తో లోపలి రాత చదువుతున్నారు. 2023లో మొదటగా పట్టుబడిన మాట ‘ఊదా రంగు’ అనే అర్థమున్న గ్రీకు పదం. కొన్ని నెలలకే, 2024 ఫిబ్రవరిలో, ఒక చుట్టలోంచి వరసగా చాలా పంక్తులు చదివిన ముగ్గురు విద్యార్థులకు 7 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చారు. ఇంకా వందల చుట్టలు చదవాల్సి ఉన్నాయి.

ఈ పుస్తకాలు డబ్బు పెట్టకుండా ఎక్కడ దొరుకుతాయి?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పాత అనువాదాలు దాదాపు అన్నీ ఉన్నాయి. టఫ్ట్స్ యూనివర్సిటీ వారి పెర్సియస్ సైట్‌లో గ్రీకు, లాటిన్ మూలాలు, వాటి అనువాదాలు ఉంటాయి. సుమేరియన్ సాహిత్యానికి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ సైట్ ఒకటి ఉంది. 1911లో మొదలైన లోబ్ గ్రంథమాలలో ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. గ్రీకువి ఆకుపచ్చ అట్టతో, లాటిన్‌వి ఎర్ర అట్టతో వస్తాయి. వాటిలో పాత సంపుటాలు కాపీరైట్ దాటిపోయాయి కాబట్టి నిశ్చింతగా దించుకోవచ్చు. కొనాలనుకుంటే ముందు ‘పెరిప్లస్’, హెరొడోటస్‌ల నోట్స్ ఉన్న కొత్త ప్రతులు కొనండి. మిగతావి ఉచిత ప్రతులతో నెట్టుకురావచ్చు.